మనసులో పగ – ఒంట్లో పోటు

"మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు సార్. ఉప్పు తగ్గించేసినాను. ఊరగాయ ముట్టేది లేదు. అయినా బి.పి. ఎందుకు దిగడం లేదు?"

కొన్నాళ్ళ క్రితం కార్వేటినగరంలో మా సర్కారు ఆసుపత్రికి వచ్చిన ఒక రైతు నన్నడిగిన ప్రశ్న ఇది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నగా, గట్టిగా ఉంటాడు. బీడీ లేదు, మందు లేదు. మాత్రలు వేసుకుంటున్నానని నేను నమ్మనేమోనని ఖాళీ అట్టలు కూడా సంచిలో తెచ్చి బల్లమీద పరిచాడు. చక్కెర పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, ఇ.సి.జి. అన్నీ చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. పోటు మాత్రం 160/100 దగ్గర భీష్మించుకుని కూర్చుంది.

"రాత్రి నిద్ర పడుతుందా?" అని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. పక్కనున్న ఆయన భార్య అందుకుంది.

"యాడి నిద్ర సార్! రెండు గంటలకే లేచి కూర్చుంటాడు. తమ్మునితో కొట్లాట పెట్టుకుంటాడు."

"తమ్ముడు కూడా మీ ఇంట్లోనే ఉంటాడా?"

"లేదు సార్. ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేండ్లాయ. కొట్లాటంతా ఈయన మనసులోనే!"

ఆ తల్లి ఒక్క మాటలో రోగ నిర్ధారణ చేసేసింది. తండ్రి పోయి పదకొండు రోజులైనా కాకముందే తమ్ముడు బావి దగ్గరి మామిడితోపు తనకు కావాలన్నాడట. పెద్దమనుషుల్లో కూర్చున్నారు. మాట మాట పెరిగింది. నలుగురిలో తమ్ముడు అన్న ఒక మాట ఈయన గుండెలో ముల్లులా దిగిపోయింది. అప్పటినుంచి ఏటా కాయల కాలంలో తమ్ముడి ట్రాక్టరు తన ఇంటిముందుగా పోతుంటే ఆ పూట ఈయనకు ముద్ద దిగదు. (ఆయన అనుమతితోనే, ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.)

పాఠకులారా! మీలో ఎంతమందికి ఇలాంటి ‘ట్రాక్టరు’ రోజూ ఇంటిముందు పోవడం లేదు? ఒకరికి అది ఆడబిడ్డ ఫోను. ఒకరికి ఆఫీసులో పై అధికారి దగ్గు. ఇంకొకరికి పెళ్ళిలో జరిగిన మర్యాద లోపం. పగకూ మన ఆరోగ్యానికీ ఉన్న సంబంధమేమిటో, దాన్ని దించుకునే ఉపాయమేమిటో ఈ వారం చెప్పుకుందాం.

పగ ఒంట్లో చేసే పని

మీరు వీధిలో నడుస్తుండగా ఒక కుక్క హఠాత్తుగా మీదికి ఉరికిందనుకోండి. గుండె దడదడలాడుతుంది. నోరెండిపోతుంది. అరచేతులు చెమరుస్తాయి. మూత్రపిండాలమీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, పోటు పెరుగుతుంది. పరుగెత్తడానికో, రాయి అందుకోవడానికో శరీరం సిద్ధమవుతుంది. ఇది ప్రకృతి మనకిచ్చిన రక్షణ. కుక్క పోయాక కాసేపటికి అంతా సర్దుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఎదురుగా ఉన్న కుక్కకు శరీరం ఎలా లేస్తుందో, తలపులో ఉన్న కుక్కకూ చాలావరకు అలాగే లేస్తుంది. వీధిలోని కుక్క పోతుంది. తలపులోని కుక్క పోదు. మనమే రోజూ పిలిచి అన్నం పెడుతుంటాం కనుక!

ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని హోప్ కాలేజీలో షార్లెట్ విట్‌వ్లీట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 71 మంది విద్యార్థులమీద ఒక పరీక్ష చేసి 2001లో ఫలితాలు ప్రకటించారు. తమను బాధపెట్టిన మనిషిని తలుచుకుని, ఒకసారి పగతోనూ ఒకసారి క్షమతోనూ ఊహించుకోమన్నారు. పగను నెమరువేసినప్పుడు గుండె వేగం, రక్తపు పోటు, చెమట, నుదుటి కండరాల బిగువు పెరిగాయి. క్షమను ఊహించినప్పుడు ఆ పెరుగుదల తక్కువగా ఉంది. మనిషి కుర్చీలోంచి లేవలేదు. శత్రువు ఆ గదిలో లేడు. అయినా పోటు పెరిగింది.

అయితే ఒక్క హెచ్చరిక. బి.పి. అంతా పగవల్లనే వస్తుందని పొరబడకండి. వయసు, వంశం, బరువు, ఉప్పు, పొగ, సారాయి, మూత్రపిండాల జబ్బులు వంటి కారణాలు చాలా ఉన్నాయి. పగ వీటికి తోడైన మరొక బరువు. నిద్ర చెడగొడుతుంది. నిద్ర చెడితే పోటు మీద అదుపు మరీ కష్టం. కొందరు ఆ బాధ మరచిపోవడానికి సీసా పట్టుకుంటారు. అది మరో గుంట.

నేను నేర్చుకున్న పాఠం

ఇతరులకు నీతులు చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. నాకు ముప్ఫై అయిదేళ్ళప్పుడు, వేరే ఊళ్ళో పనిచేస్తుండగా, ఒక పై అధికారి నేను చేయని తప్పు నా రికార్డులో రాశాడు. ప్రమోషను వెనకబడింది. ఆయనకు నేను చెప్పాల్సిన జవాబులు బస్సులో, స్నానం చేస్తూ, భోజనం చేస్తూ మనసులోనే చెప్పేవాణ్ణి. ఎంత గొప్ప జవాబులనుకున్నారు! వినేవాడు మాత్రం లేడు.

ఒకరోజు ఓ.పి.లో జ్వరంతో వచ్చిన ఒక బిడ్డకు మందు రాసి పంపాను. కాసేపటికి ఆ తల్లి మందుల కిటికీ దగ్గరినుంచి చీటీ పట్టుకుని పరుగున వచ్చింది. "ఈ మందు బిడ్డకు పడదని, పోయినసారి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదని, మీకు రెండుసార్లు చెప్పినాను సార్. మీరు తల కూడా ఊపినారు" అంది. నేను తల ఊపిన మాట నిజమే. విన్నమాట అబద్ధం. నేను ఆ క్షణాన ఆసుపత్రిలో లేను, ఆ అధికారి గదిలో వాదిస్తున్నాను.

ఆ తల్లి చదువుకున్నది కాదు. చీటీమీది పేరు చదవలేదు. మందు సీసా రంగు చూసి గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోయి ఉంటే? ఈనాటికీ ఆ ప్రశ్న నన్ను వదలదు. ఆ అధికారి నాకు చేసిన నష్టం కొన్నేళ్ళ ప్రమోషను. నా పగ ఆ బిడ్డకు చేయబోయిన నష్టం అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఒళ్ళొకచోట, మనసొకచోట

మనసు ఇలా పరాయి ఊళ్ళు తిరగడం నా ఒక్కడి జబ్బు కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2,250 మందిని వారి ఫోన్ల ద్వారా వేళగాని వేళల్లో పలకరించి, ‘ఇప్పుడేం చేస్తున్నారు? మనసెక్కడుంది? సంతోషంగా ఉన్నారా?’ అని అడిగారు. 2010లో వచ్చిన ఫలితం ఇది: నూటికి దాదాపు 47 సార్లు మనుషుల మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు పనిమీద లేనప్పుడు వారి సంతోషం తక్కువగా ఉంది. మంచి సంగతులు తలుచుకుంటున్నవారు కూడా, ఉన్నచోట మనసుపెట్టి ఉన్నవారికంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు!

ఉన్నచోట ఉండడాన్ని మన తెలుగులో ‘ఎరుక’ అంటారు. చాలా పాత మాట, చక్కటి మాట. దీనికి హిమాలయాలకు పోనక్కరలేదు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రంపూట కాసేపు మాటలు మాని, కూర్చుని పొద్దు గుంకడాన్ని చూస్తారు. దాన్ని అక్కడ ‘అస్తాచల్’ అంటారు. ఆ బడికి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టాడు. 1986లో కన్నుమూసేదాకా ఆయన దేశదేశాల్లో చెప్పిన సంగతుల్లో ముఖ్యమైనదొకటి ఇదే: కోపం లేచినప్పుడు దాన్ని మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పకుండా, ఉన్నదున్నట్టు గమనించమని.

వైద్యులు కూడా దీన్ని వాడుకుంటున్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త, ఎంతకూ తగ్గని నొప్పులతో బాధపడే రోగులకు ఎరుక శిక్షణ మొదలుపెట్టాడు. ఇప్పుడది ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో నడుస్తోంది.

రోజుకు పది నిమిషాలు

ఆ రైతుకు నేను చెప్పినదే మీకూ చెబుతాను.

తెల్లవారుజామునో, దీపాలు పెట్టే వేళనో అరుగుమీదనో, కుర్చీలోనో నడుము నిటారుగా పెట్టి కూర్చోండి. కళ్ళు అరమోడ్చండి. ఊపిరి దానంతటదే వస్తూ పోతూ ఉంటుంది, మీరు బిగించనక్కరలేదు. వదిలిన ప్రతి ఊపిరికీ ఒకటి, రెండు అని పదిదాకా లెక్కపెట్టండి. మళ్ళీ ఒకటినుంచి మొదలు.

మూడు లెక్కపెట్టేలోగా మనసు తమ్ముడి తోపులోకి పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలియగానే ‘ఇది ఆలోచన’ అని లోపల అనుకుని, మళ్ళీ ఒకటికి రండి. వందసార్లు పోతే వందసార్లు తెచ్చుకోండి. మనసు పోవడం ఓటమి కాదు. తెచ్చుకోవడమే వ్యాయామం.

కూర్చునే తీరిక లేని ఇల్లాళ్ళు పనిలోనే ఈ సాధన చేయవచ్చు. సంగటి ముద్దలో మొదటి మూడు ముద్దలు టీవీ చూడకుండా, సెల్‌ఫోను ముట్టకుండా రుచి చూస్తూ తినండి. బిందె నింపేటప్పుడు నీళ్ళ చప్పుడు వినండి. మా ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి పోయివచ్చేవారికి నేను చెప్పేది, ‘పోయేటప్పుడు అంగళ్ళ వైపు కాకుండా మీ అడుగులవైపు చూడండి’ అని.

కూర్చున్నప్పుడు పాత భయంకర సంఘటనలు కళ్ళముందుకు వచ్చి వణుకు పుట్టేవారు, ఇదివరకు మానసిక వ్యాధికి చికిత్స పొందినవారు మాత్రం సొంతంగా కాకుండా, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

క్షమ అంటే లొంగిపోవడమా?

"క్షమిస్తే మనం లోకువైపోతాం గదా సార్?" అని ఆ రైతు కూడా అడిగాడు. అందరూ అడిగే సందేహమే. అందుకే క్షమ అంటే ఏది కాదో ముందు చెప్పుకోవాలి.

జరిగినది తప్పు కాదని ఒప్పుకోవడం క్షమ కాదు. మరచిపోవడం కాదు. న్యాయంగా రావలసిన భాగం వదులుకోవడం అంతకంటే కాదు. పత్రాలమీద హక్కుంటే పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళండి, కోర్టుకు వెళ్ళండి. కాని తోపు వ్యాజ్యం కోర్టులో నడవాలి, మీ పడకమీద నడవకూడదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో కుష్ఠరోగుల సేవ చేసే గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన చిన్న కొడుకులిద్దరినీ వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టి చంపారు. చంపినవారిని క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించింది. ఆ తరువాతా కొన్నేళ్ళు ఇక్కడే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించింది. ఆమె క్షమించిందని న్యాయస్థానం విచారణ ఆపలేదు. నేరస్థుడికి శిక్ష పడింది. క్షమ ఆమె మనసుకు సంబంధించినది. శిక్ష చట్టానికి సంబంధించినది. రెండూ పక్కపక్కనే నడిచాయి.

ఇంకొక సంగతి అక్కచెల్లెళ్ళు గట్టిగా గుర్తుంచుకోవాలి. తాగి కొట్టే భర్తను ‘క్షమించి’ దెబ్బలు తింటూ పడి ఉండమని ఏ వైద్యుడూ చెప్పడు. అక్కడ ముందు కావలసింది రక్షణ. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళలకు సాయం అందుతుంది. ప్రాణం మీదికి వస్తే 112. గాయం ఇంకా తగులుతూనే ఉంటే మందు పూయడం మాట తరువాత, ముందు దెబ్బ ఆగాలి.

మా పక్కనే పుత్తూరు. ఎముక విరిగితే జనం కట్టుకోసం పరుగెత్తేది అక్కడికే. ఎక్స్‌రే తీయించకుండా కట్టించుకోవద్దని నేను పోరుతూనే ఉంటాను. అది వేరే సంగతి. కట్టు ఎవరు కట్టినా సూత్రం ఒకటే. విరిగినచోటు కదలకుండా ఉంటే ఎముక తనంతట తాను అతుక్కుంటుంది. ‘అతికిందా లేదా’ అని రోజూ కట్టు విప్పి కదిపి చూసుకుంటే ఏ జన్మకూ అతకదు. పాత అవమానాన్ని రోజూ తలుచుకోవడం కట్టు విప్పి కదపడమే.

ఎలా క్షమించాలి?

ఎవరెట్ వర్తింగ్టన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్షమ మీద ఏళ్ళతరబడి పరిశోధన చేశాడు. 1996 కొత్త సంవత్సరం వేళ ఆయన తల్లిని ఇంట్లో జొరబడిన ఒక దుండగుడు చంపేశాడు. మొదట ఆయనకూ అందరిలాగే ఆ దుండగుణ్ణి చంపేయాలన్నంత కోపం వచ్చింది. తాను ఇతరులకు నేర్పిన మెట్లే అప్పుడు తానూ ఎక్కవలసి వచ్చింది. ఆ మెట్లు అయిదు. మన ఇళ్ళకు తగినట్టు చెబుతాను.

ఒకటి: జరిగినది జరిగినట్టు ఒక కాగితం మీద రాయండి. ‘వాడు రాక్షసుడు’ అని కాదు, ‘ఫలానా మాట అన్నాడు, నాకు అవమానమైంది’ అని.

రెండు: అవతలివాడు ఆ పని ఎందుకు చేశాడో అతని వైపు నిలబడి రెండు వాక్యాలు రాయండి. ఒప్పుకోనక్కరలేదు, ఊహిస్తే చాలు.

మూడు: మీరు తప్పు చేసినప్పుడు మిమ్మల్ని ఎవరైనా క్షమించిన రోజును గుర్తు తెచ్చుకోండి. అటువంటిదే మీరు మరొకరికి ఇస్తున్నారనుకోండి.

నాలుగు: ‘ఈ రోజు దీన్ని దించాను’ అని తేదీ వేసి రాయండి. నమ్మకమైన ఒకరికి చెప్పండి. అవతలివాడికి చెప్పాలన్న నియమం లేదు.

అయిదు: కోపం మళ్ళీ వస్తుంది. వచ్చినంత మాత్రాన క్షమించలేదని కాదు. ఆ కాగితం తీసి తేదీ చూసుకోండి.

ఈ పద్ధతినే చిన్న పుస్తకంగా చేసి అయిదు దేశాల్లో నాలుగున్నర వేలమందికి పైగా మనుషులమీద పరీక్షించారు. దాన్ని పూర్తిచేసినవారిలో క్షమ పెరిగింది, దిగులు, ఆందోళన తగ్గాయి.

ఇది ఒక్కనాటి పని కాదు. బి.పి. మాత్ర లాంటిది. నిన్న వేసుకున్నాను గదా అని ఈరోజు మానడానికి లేదు. రాత్రి పడుకోబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజు ఎవరి మాట పూర్తిగా విన్నాను? ఎవరిమీద అనవసరంగా విసుక్కున్నాను? రేపు ఏ ఒక్క చిన్న పని ఇంకొంచెం బాగా చేస్తాను? మనిషి ఎదగడమంటే ఇంతే. రోజుకొక మెట్టు చాలు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి?

రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఏ పనిమీదా ఇష్టం లేకపోయినా, ఆకలీ నిద్రా చెడినా అది కేవలం పగ కాదు, డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. ‘బతికేం లాభం’ అన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

పోటు 140/90 దాటితే వైద్యుణ్ణి చూడండి. ధ్యానం చేస్తున్నానని మాత్ర మానకండి. మానితే పక్షవాతం, గుండెపోటు కాచుకుని ఉంటాయి.

ఆ రైతు సంగతేమైందని మీరు అడగవచ్చు. సినిమాలో మాదిరి అన్నదమ్ములు కౌగలించుకోలేదు. బావి వ్యవహారం ఇంకా పెద్దమనుషుల దగ్గరే ఉంది. కాని పోయిన పెళ్ళిళ్ళ కాలంలో తమ్ముడి కూతురి పెళ్ళికి పోయి, అక్షింతలు వేసి, ఒక వాయి తిని వచ్చాడు. "నా కడుపులో దిగింది సార్ అన్నం" అన్నాడు. నాలుగు నెలల తరువాత పోటు 138/86. నేను మధ్యలో ఒక మాత్ర కూడా పెంచాను. కాబట్టి ఎంత మాత్రవల్ల తగ్గిందో, ఎంత మనసువల్ల తగ్గిందో విడదీసి చెప్పలేను. ఆయన భార్యను అడిగాను.

"ఇప్పుడు నాలుగుదాకా నిద్రపోతాడు సార్" అంది. "లేస్తానే ఆవుకు నీళ్ళు పెడతాడు. ముందైతే నన్ను లేపి కొట్లాట చెప్పేవాడు."

మీ ఇంటిముందు పోయే ట్రాక్టరును మీరు ఆపలేరు. అది పోయాక దాని వెనక పరుగెత్తకుండా ఉండడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఈ సాయంత్రమే పది నిమిషాలు కూర్చుని చూడండి.